కొత్తకోడలి తంగేడు

ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆచారానికి ఉన్న బలం సర్కారుకు కూడా లేదు. "మా తల్లిగారింటి ఆచారం" అన్న ఒక్క మాట చాలు, ఎంత మొండి మామైనా మెత్తబడేవాడు. ఎప్పటినుంచి, ఎందుకు అని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే దేవతకు కోపమొస్తుందని భయం. ఈ కిటుకును పదహారేళ్లకే కనిపెట్టి సొంతానికి వాడుకున్నదాన్ని నేను. చెప్పుకోదగ్గ పని కాదు గాని, ఈ వయసులో గొప్పలు చెప్పుకోవడం తప్ప నాకు వేరే పనేముంది?

ఊళ్లలో రజాకార్ల భయం ముదిరిన ఏడు మా నాయన తొందరపడి భువనగిరి దగ్గరి పల్లెనుంచి నన్ను సికింద్రాబాదు బోయిగూడకు కోడలిగా పంపించాడు. మా మామ రైల్వేలో గార్డుగా పనిచేసి అప్పుడే దిగిపోయాడు. ఉద్యోగం వదిలాడు గాని పాత పచ్చ జెండా, ఎర్ర జెండా వదలలేదు. చాయ్ కావాలంటే పచ్చ జెండా ఊపేవాడు, అత్త మాటలు ఎక్కువైతే ఎర్ర జెండా. (అత్త ఏ జెండాకూ ఆగే బండి కాదు.) అందుకే గల్లీ అంతటికీ ఆయన జెండా మామ. మా ఆయనకు రైలింజన్లో బొగ్గు వేసే పని; నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు, ఈ కథలోనూ ఉండడు. మామకు మిగిలిన కోరిక ఒక్కటే: వాకిట్లో పెద్ద చెట్టు, దాని కింద మడత కుర్చీ, కుర్చీలో తను. కంటోన్మెంటులో దొరల బంగ్లాల ముందుండే నిద్రగన్నేరు చెట్లు చూసీ చూసీ ఆయనకు అది పిచ్చిలా పట్టుకుంది. తొలకరి పడగానే ఒక మొక్క తెచ్చి గుంత తవ్వడం మొదలుపెట్టాడు.

"ఐదేండ్లల్ల వాకిలి మొత్తం నీడ. రెండేండ్లు మాత్రం రోజుకు నాలుగు బిందెల నీళ్లు తప్పకుంట పొయ్యాలె" అన్నాడు. నల్లా గల్లీ చివర ఉంది. అత్తకు నడుం నొప్పి (నేను కాపురానికి వచ్చిన రోజే మొదలైందట). అంటే ఆ నాలుగు బిందెలూ ఎక్కేది నా నడుం మీదికే. రాత్రంతా ఆలోచించాను. నీళ్లడగని చెట్టేదని వెతుక్కుంటే మా ఊరి గుట్టమీది తంగేడు గుర్తొచ్చింది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు, మేకలు కూడా ముట్టవు. అయినా బతుకమ్మ నాటికి గుట్టంతా పసుపుపచ్చగా పూస్తుంది.

కోడలు మామతో నేరుగా మాట్లాడే రోజులు కావవి. దర్వాజా చాటున నిలబడి అత్తతో అన్నట్టుగా అనాలి. మామ కూడా కుర్చీతోనో గోడతోనో జవాబు చెప్పాలి. నేను గొంతు సవరించుకుని, "అత్తమ్మా, మా భువనగిరి దిక్కు ఒక ఆచారమున్నది. కొత్తకోడలు అత్తగారింట్ల తంగేడు పెట్టాలె. పెట్టకుంటే గౌరమ్మకు కోపమొస్తదట" అన్నాను. మామ గడ్డపార ఆపి దానితోనే మాట్లాడాడు. "తంగేడు ఏంది? గుట్టల పొంటి పెరిగేదాన్ని ఎవరన్నా ఇంట్ల పెడ్తరా? నీడ సుత రాదు, దాని కింద నక్కి కూసోవాలె." కాని గౌరమ్మ పేరు వినగానే అత్త చెంపలు వేసుకుంది. చివరికి మామ రాజీకొచ్చాడు. చెట్టు నడుమ, తంగేడు మూలకు. "వచ్చే ఏడు బతుకమ్మ దాంక జూస్త. ఏది ఇంటికి అక్కరకొస్తే అది ఉంటది. ఇంకోదాన్ని పీకేస్త. జబాన్ ఇచ్చిన" అన్నాడు గడ్డపారతో.

నా ఉపాయం ఏమైందో గమనించారా? నీళ్లు తప్పించుకుందామని అబద్ధమాడితే తంగేడు వచ్చింది గాని నిద్రగన్నేరు పోలేదు; నాలుగు బిందెలూ తప్పలేదు. అందుకే ఆ పందెం నాకు ప్రాణంతో సమానమైంది. మరునాడు నల్లా దగ్గర మా గోడపక్క ముస్లింల ఇంటి చాచీ నా బిందె ఎత్తిపెడుతూ మెల్లగా అంది. "నేను సుత భువనగిరిదాన్నే బిడ్డా. నా ఉమర్ల గిసుంటి ఆచారం ఇనలే. నీళ్లు మోసుడు తక్లీఫని చెప్పరాదు?" చాచీ నవ్వి ఊరుకుంది, ఎవరికీ చెప్పలేదు. చెప్పిందల్లా మా అత్త. అత్త నోట్లో నువ్వుగింజ నానదు. నెల తిరక్కముందే గల్లీలో ఇద్దరు కొత్తకోడళ్లు తంగేడు గింజలు వెతకడం షురూ చేశారు.

ఏడాదిపాటు మామ రెండు మొక్కలకూ పరీక్ష పెట్టాడు. జెండా కర్రతో ఎత్తు కొలిచేవాడు. ఎండాకాలంలో నిద్రగన్నేరు నీడ గొడుగంత పడితే, కుర్చీ వేసుకుని తల ఆ నీడలో పెట్టి కాళ్లు ఎండలో చాపుకునేవాడు. నీడ జరిగితే కుర్చీ జరిగేది. సాయంత్రానికి వాకిలి మొత్తం ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. "హాయిగున్నది" అనేవాడు గోడతో, చెమట తుడుచుకుంటూ. గుట్టనుంచి వేళ్లతో సహా తెచ్చి పెట్టిన నా తంగేడేమో చుక్క నీళ్లు అడగకుండా నడుమెత్తు పెరిగింది. అయితే ఏం, అక్కరకు రావాలి కదా.

మరుసటి ఏడు సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. రోడ్ల మీద మిలిటరీ లారీలు తిరుగుతుంటే మా గల్లీలో సంబరం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. చాచీ తలుపు మూసుకుంది. ఆమె మొగుడు, మా చాచా, తోళ్ల పనికి పోవడం మానేశాడు. అందరూ వెళ్లిపోయాక చాచీ ఒక్కతే నల్లాకు వచ్చేది, తల వంచుకుని. పలకరించాలని ఉన్నా ఏమనాలో తెలియక నేనూ తల వంచుకునేదాన్ని. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

రెండు వారాలు తిరిగేసరికి బతుకమ్మ వచ్చింది. మామూలుగా సీతాఫల్‌మండి దాటి గుట్టలకు పోయి తంగేడు తెచ్చుకునేవాళ్లం. ఆ ఏడు ఆడవాళ్లను గల్లీ దాటనివ్వలేదు. ఊళ్లనుంచి పూలమ్మేవాళ్లూ రాలేదు. ఇళ్లలో బంతి ఉంది, గుమ్మడి ఉంది, తంగేడు లేదు. ఇద్దరు కొత్తకోడళ్ల మొక్కలు ఇంకా మోకాలెత్తు రాలేదు. గల్లీ మొత్తానికి పూసిన తంగేడు ఒక్కటే, మా మూలన. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే పదిమంది ఆడవాళ్లు మా వాకిట్లో నిలబడ్డారు. ఒక్క చెట్టు పూలతో అన్ని బతుకమ్మలు కావు గనుక అందరికీ కలిపి ఒకటే పెద్దది పేరుద్దామన్నారు. నేను విజయగర్వంతో కొంగు నడుముకు దోపి ముందుకు కదిలాను.

అప్పుడే గల్లీకి పెద్దదిక్కైన పెద్దవ్వ కర్ర అడ్డం పెట్టింది. "ఆగు పోరీ. తంగేడంటె గుట్టమీది పువ్వు. మనిషి పెట్టింది గౌరమ్మకు నడుస్తదా? గీ ఆచారం యాడిది, ఎవరు జూసిండ్రు?" అందరూ నావైపు తిరిగారు. మామ గోడనూ కుర్చీనీ వదిలేసి మొదటిసారి నన్నే చూశాడు. అబద్ధం బయటపడితే పందెం పోవడం అటుంచి, మా నాయన పరువు కూడా పోతుంది.

పక్కింటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. మూడు వారాలుగా ఎవరితోనూ మాట్లాడని చాచీ తలమీద కొంగు సర్దుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. "నేను జూసిన పెద్దవ్వా. మా భువనగిరి దిక్కు ఉన్నది. మా తల్లిగారి పక్కింట్ల కొత్తకోడలు పెట్టిన తంగేడుతోనే బతుకమ్మ పేర్చిండ్రు. మంచిగనే జరిగింది" అంది. చాచీ అబద్ధమాడదని గల్లీ అంతటికీ తెలుసు. పెద్దవ్వ కర్ర దించింది. "ఇంకేంది, కొయ్యుండ్రి" అంది.

నేను పోయి గోడ మీదినుంచి చాచీ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా చెవిలో, "ఇప్పుడు ఇద్దరం ఝూట్ ఆడినం. గా పాపానికి నువ్వన్నా జెర నీళ్లు మొయ్యి" అంది. ఆ మాట వెంటనే నిజమైంది. చెరువు దాకా పోయే ధైర్యం లేక, ఇంట్లో గంగాళంలోనే బతుకమ్మను వదలాలని తేల్చారు. గంగాళానికి పన్నెండు బిందెలు. పదింటిని నేను మోశాను. రెండు బిందెలు చాచీ తెచ్చింది, అందరి ముందర, తల ఎత్తుకుని.

సాయంత్రం ఆటపాటలయ్యాక మామ గడ్డపార తీసుకుని నిద్రగన్నేరు దగ్గరికి నడిచాడు. ఇచ్చిన మాట మరి. మడత కుర్చీ మడిచి గోడకు ఆనించి ఉంది. ఆ కుర్చీని చూసేసరికి నా నడుం నొప్పి సంగతే మరిచిపోయాను. దర్వాజా చాటునుంచి బయటికొచ్చి, అత్త పక్కన ఉందో లేదో కూడా చూడకుండా, "ఉండనియ్యి మామా. నీళ్లు నేనే పోస్త" అన్నాను. మామ గడ్డపార కింద పెట్టి, చంకలోంచి పచ్చ జెండా తీసి, గల్లీ అంతా చూస్తుండగా నాకు ఊపాడు. పందెం గెలిచి, ఇంకో ఏడాది బిందెలు మోసిన తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

మామ పోయాడు, అత్త పోయింది, చాచీ కూడా పోయింది. వాకిట్లో సిమెంటు చేయించినప్పుడు నా తంగేడు కూడా పోయింది. నిద్రగన్నేరు మాత్రం గల్లీ సగం కమ్మేసింది. దాని కింద కుర్చీ వేసుకుని కూర్చునేది ఇప్పుడు నేను. మొన్న మా మనవడి పెళ్లాం, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, కుండీలో చిన్న తంగేడు మొక్క పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్లదీ భువనగిరే. "నాయనమ్మా, కొత్తకోడలు తంగేడు పెట్టాలె కదా. మా దిక్కు పాత ఆచారమట, మా అమ్మ చెప్పింది. నిజంగ ఉన్నదా?" అని అడిగింది. అసలు సంగతి చెబుదామనే నోరు తెరిచాను. గోడ అవతలికి ఒకసారి చూశాను.

"ఉన్నది బిడ్డా" అన్నాను. "నేను జూసిన."