పసుపు పూసిన గడియారాలు

గోదావరి అడుగున, మూడు తాటిచెట్ల లోతులో, సగం సిలిండరు గాలితో పూటంతా పని చేసి పైకి వచ్చిన మనిషి మా జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. అది నేనే. బూర్గంపాడు సెంటర్లో టీ తాగుతూ ఈ మాట చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లలో నీళ్లలో మునిగి చూసినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఎదురు చెప్పినవాడూ లేడు.

వయసులో ఉన్నప్పుడు నేనూ, నా భార్య తమ్ముడూ వంతెనల పునాదుల దగ్గర నీళ్లలో దిగే పని చేశాం. తర్వాత ఇద్దరం ఇంటికి వచ్చేసి, రెండు స్కూబా సెట్లు కొనుక్కున్నాం. నది ఒడ్డున ఎక్కడ మోటారు పడిపోయినా, ఎక్కడ పైపు పూడిపోయినా మాకే కబురు వచ్చేది. నాకు యాభై దాటినా కబురు మాత్రం ఆగలేదు. బామ్మర్దికి నాకన్నా వయసు కొంచెం తక్కువ, నోరు బాగా తక్కువ.

సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చెప్పే మీటరు మొదట్లో రబ్బరు గొట్టం చివర వేలాడుతూ ఉండేది. సముద్రంలో దానితో ఏ ఇబ్బందీ ఉండదేమో. మన గోదావరి అడుగున మునిగిన కొమ్మలు, తెగిన వలలు, వరద తెచ్చి పడేసిన చెత్త. ఆ గొట్టం ప్రతిదానికీ తగులుకునేది. ఒకసారి పర్ణశాల దగ్గర మునిగిన పడవ ఇంజను కోసం దిగితే, గొట్టం కొమ్మకు చుట్టుకుని, గొడ్డును గుంజకు కట్టేసినట్టు నన్ను కట్టేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, విశాఖపట్నంలో ఈ సామాను అమ్మే ఆయన మాకు వైర్‌లెస్ డైవ్ కంప్యూటర్లు చూపించాడు. సిలిండరు మూతి దగ్గర బొటనవేలంత ట్రాన్స్‌మిటరు బిగిస్తారు. చేతికి పెద్ద గడియారం లాంటిది కట్టుకుంటారు. మధ్యలో గొట్టం లేదు, తీగ లేదు. గాలి ఎంత ఉందో ట్రాన్స్‌మిటరు పంపుతుంది, గడియారం అంకె చూపిస్తుంది. బారెడు దూరం దాటితే అంకె పోయి అడ్డగీతలు వస్తాయి. ఏ గడియారానికి ఏ ట్రాన్స్‌మిటరో ముందే జత కలిపి పెట్టాలి. ఆ తర్వాత పక్కనే ఇంకొకటి ఉన్నా అది పట్టించుకోదు.

"అంటే పెళ్లి లెక్కనే" అన్నాను నేను.

"పెళ్లి కన్న నయమే బావా. ఇది పక్కదాని దిక్కు సూడదు గద" అన్నాడు బామ్మర్ది.

చెప్పాను కదా, నోరు తక్కువ. తెరిస్తే మాత్రం ఇలాగే ఉంటుంది.

ఆ ఏడు వరద తగ్గాక నదిలోంచి కాలువకు నీళ్లు ఎత్తిపోసే మా ఊరి లిఫ్టు నీళ్లు లాగడం మానేసింది. నదిలోంచి నీళ్లు తీసుకునే బావి మూతికి ఇనుప జాలీ ఉంటుంది. వరదకు కొట్టుకొచ్చిన వలలు, దుంగలు వచ్చి దాన్ని అడ్డంగా చుట్టేశాయి. మోటార్లు వేస్తే బుస కొట్టడమే కాని కాలువలో చుక్క లేదు. కాలువ కిందంతా మిరప, పూత మీద ఉంది. అందులో నా భార్య చేను కూడా ఉంది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన భూమి అది. విత్తనం దగ్గర్నుంచి మందు కొట్టేదాకా అంతా తనే చూసుకునేది. నన్ను గట్టు మీదికి రానిచ్చేది కాని సలహా చెప్పనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం చేను నుంచి వచ్చి, కొంగులో పట్టుకొచ్చిన రాలిన పూతనంతా నా ముందు కుమ్మరించింది.

"గోదారి పక్కనే పారుతాంది. నీళ్లల్ల మునిగెటోళ్లు ఇద్దరు మనింట్లనే ఉన్నరు. నా చేను ఎండుతాంది. సిగ్గనిపిస్తలేదా?"

అనిపించింది. మర్నాడు పొద్దున్నే దిగడానికి సిద్ధమయ్యాం. లిఫ్టు కమిటీ ప్రెసిడెంటు మోటార్లు ఆపించి, ఎవరూ పొరపాటున వేయకుండా ఫ్యూజులు తీయించి తన జేబులోనే వేసుకున్నాడు. ఒడ్డు మీద ఊరు ఊరంతా ఉంది.

మా దగ్గర కొత్త పడవైనా, కొత్త వలైనా గోదారమ్మకు చూపించకుండా నీళ్లలోకి దించరు. ఆ గడియారాలు నదిలో దిగడం అదే మొదటిసారి. నా భార్య రెండింటినీ మా చేతులకు విప్పించి, ఇత్తడి పళ్లెంలో పెట్టింది.

"పసుపు తగిల్తే ఖరాబయితదేమో అక్కా" అని గొణిగాడు తమ్ముడు.

"గోదాట్ల మునిగేదాన్ని పసుపేం జేస్తది రా? మూసుకొని దండం పెట్టు."

పట్టీల నిండా పసుపు పూసింది, బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. తర్వాత ఏది చేతికి వస్తే దాన్ని మాకు తొడిగింది. నా పట్టీ మీద నేను సిరాతో పెట్టుకున్న గుర్తు పసుపు కింద కనపడకుండా పోయింది. రెండు సిలిండర్లూ నిండుగా ఉన్నాయి కాబట్టి రెండు గడియారాల్లోనూ ఒకే అంకె. పడవ మీంచి దిగిపోయాం.

అడుగున నీళ్లు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే కాని గడియారంలో అంకె కనిపించదు. జాలీ ముందు భుజాలు ఆనించుకుని కూర్చుని వలలు కోయడం మొదలుపెట్టాం. నాది మొరటు పని. లాగుతాను, తన్నుతాను, రొప్పుతాను. బామ్మర్ది తలలో పేలు చూసే ఆడమనిషిలా ఒక్కో పోగూ విడదీసి కోస్తాడు. అలా అయితే నా గాలి ముందు అయిపోవాలి. గడియారం చూసుకుంటే అంకె మందకొడిగా దిగుతోంది. ఇంత వయసులో నా ఊపిరి ఇంత పొదుపు నేర్చిందా అని నన్ను చూసి నేనే మురిసిపోయాను.

కొంతసేపటికి బామ్మర్ది తన గడియారం చూసుకుని కళ్లు పెద్దవి చేశాడు. పైకి పోదామని బొటనవేలు చూపించాడు. నేను నా గడియారం అతని ముఖానికి ఆనించాను. ఇంకా సగం పైనే ఉంది. అతను తనది చూపించాడు. అడుగంటుతోంది. చిన్నవాడు గాలంతా తాగేశాడు, పెద్దవాడు దాచుకున్నాడు! నవ్వొచ్చింది. నీళ్లలో నవ్వితే బుడగలే కదా. నువ్వు పో అని సైగ చేశాను. చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకున్నాను. అతను పైకి వెళ్లిపోయాడు.

అతను వెళ్లగానే నా గడియారంలో అంకె పోయి గీతలు వచ్చాయి. పసుపు లోపలికి దిగి చెడిపోయిందనుకున్నాను. పట్టించుకోకుండా కోస్తూ పోయాను. ఆఖరికి ఒక్క తాడు మిగిలింది. దాని మీద కత్తి పెట్టేసరికి ఊపిరి బిగుసుకుంది. ఖాళీ కొబ్బరిబోండంలోంచి గొట్టంతో లాగినట్టు ఎంత లాగినా గాలి రావడం లేదు. అయినా వదల్లేదు. తాడు తెగింది. వల జాలీని వదలడం చేతికి తెలిసింది. అప్పుడు పైకి వచ్చాను.

పడవలో బామ్మర్ది పక్కన పడగానే నా గడియారంలో అంకె మళ్లీ వచ్చింది, సగం దగ్గర. నా మౌత్‌పీస్ బటన్ నొక్కితే మాత్రం ఊపిరంత గాలి కూడా రాలేదు. బామ్మర్ది తన పట్టీ మీద పసుపును వేలితో గీకాడు. కింద నా సిరా గుర్తు.

"బావా, ఇది నీ గడియారం. ఇంతసేపు నువ్వు సూసుకుంట మురిసింది నా గాలి."

కాబట్టి ఒప్పుకుంటున్నాను. మిగిలిన ఆ సగం గాలి నాది కాదు, బామ్మర్దిది. నాది ఎప్పటిలాగే అందరికన్నా ముందు అయిపోయింది. మూడు తాటిచెట్ల లోతు కూడా కాదు, కరెంటు స్తంభమంత ఉంటుందేమో. పూటంతా అన్నది కూడా కొంచెం సాగదీసిందే. కాని జాలీ తెరుచుకుందా లేదా? తెరుచుకుంది. ప్రెసిడెంటు జేబులోంచి ఫ్యూజులు బయటికి వచ్చాయి. మోటార్లు ఒక్క ఉరుము ఉరిమాయి. ఎండుటాకులను ముందుకు నెట్టుకుంటూ కాలువలో నీళ్లు వచ్చాయి. రైతులు ఈలలు వేశారు. నా భార్య చెప్పులు చేత్తో పట్టుకుని, కాలువలో ముందుగా పారుతున్న నీళ్లతో పాటు గట్టు వెంట చేను దాకా నడిచింది. మమ్మల్నిద్దరినీ ట్రాక్టరు ట్రక్కులో నిలబెట్టి ఊరంతా తిప్పారు. ఆ ఏడు మా వీధిలో అందరికన్నా ఎర్రటి కాయ ఆరబోసింది మా వాకిట్లోనే.

ఇదంతా రాసి, మిరపకాయల తొడిమెలు తీస్తూ కూర్చున్న నా భార్యకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. చేతులు దులుపుకుంది.

"అంత బాగనే రాసినవ్. ఆఖరి తాడు నువ్వెక్కడ కోసినవయ్యా? కత్తి గూడ అడుగున్నే పారేసి పైకొచ్చినవ్. నువ్వు పడవల బోర్ల పడి దగ్గుతాంటె, నా గాలి సగమున్నదని జెప్పి మా తమ్ముడు ఇంకో కత్తి పట్టుకొని మళ్ల దిగిండు. వాడు దిగినంకనే వల తేలింది. నా చేన్ల నీళ్లు పారిచ్చింది వాడు. గట్ల రాయి."