ఓడ మీద వచ్చిన పెన్‌డ్రైవ్

హాడో రేవులో సురేష్ బాబు కన్నుగప్పి ఒక్క పెట్టె కూడా గేటు దాటదని పేరు. సరుకు లెక్క చూసే ఉద్యోగం ఆయనది. సీలు చెదిరినా, కాగితంలో పేరూ పెట్టె మీద పేరూ కలవకపోయినా, ఎంత పెద్దమనిషి సరుకైనా ఎండలో పడి ఉండాల్సిందే. "పహలే కాగజ్ తే భయ్యా, తర్వాతే మాటలు" అనేవాడు.

ఇంటికొస్తే మాత్రం ఆ పట్టుదల చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలేసేవాడు. ఆయనొక్కడినే అని లాభం లేదు, దీవుల్లో మన తెలుగువాళ్లందరిదీ ఇదే తంతు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చిందంటే అందులో మనవాళ్లెవరో ఉంటారు, వాళ్ల చేతిలో మన కోసం ఓ సంచీ ఉంటుంది. ఆవకాయ, మోకాళ్ల నూనె, మిక్సీ గిన్నె మూత, పెళ్లి చీర. ఎక్కడ కొన్నావని అడిగితే తెచ్చినవాడు నొచ్చుకుంటాడు. అందుకని ఎవరూ అడగరు. సముద్రం అడుగున కేబుల్ వేసి, నెట్ పరుగులు తీస్తున్న ఈ రోజుల్లో కూడా మనవాళ్ల చేతి మీదుగా వచ్చిందంటే ఉన్న నమ్మకం ఇంకదేని మీదా లేదు.

ఆయన భార్య మేరి పాటలు కట్టేది. కీర్తనల పుస్తకంలోవి కావు, సొంతవి. గంజి వారుస్తూ కట్టేది, బట్టలు ఆరేస్తూ సరిచేసేది, ఆదివారం చర్చిలో పాడేది. రాసుకోవచ్చు కదా అంటే నవ్వేది. హిందీ మీడియం చదువు. తెలుగు కూడబలుక్కుని చదివేది గాని, రాయబోతే గుణింతాల దగ్గర చెయ్యి ఆగిపోయేది.

"రాస్తే తప్పులొచ్చేస్తాయండీ. పాడితే రావు కదా" అనేది.

అందుకని సురేష్ బాబు ఫోన్లో రికార్డు చేసేవాడు. ఫోన్ నిండగానే పాటలన్నీ కంప్యూటర్‌లోకి మార్చి, ఫోన్లోవి తీసేసేవాడు. ఫోన్ ఎప్పుడో జెట్టీ మీంచి జారి నీళ్లలో పడుతుంది, కంప్యూటర్ ఇంట్లో భద్రంగా ఉంటుంది, అదీ ఆయన లెక్క. లెక్క తప్పు కాదు, సగం లెక్క. రెండో చోట ఇంకో కాపీ ఉంచుకోవాలన్న మిగతా సగం ఆయనకు తట్టలేదు.

పోయిన వర్షాకాలంలో మేరి జ్వరంతో మంచం పట్టి, మళ్లీ లేవలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆవిడదంటూ చప్పుడు చేసే వస్తువు ఆ కంప్యూటరొక్కటే.

అది పాతబడి నత్తనడక నడుస్తుంటే కూతురు లవీనా వచ్చి బాగుచేసింది. ఆ పిల్ల చౌల్దారీలో కాపురం ఉంటూ, అక్కడే బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పాటలన్నీ జాగ్రత్తగా బడి డిస్కులోకి తీసి, విండోస్ తీసేసి లినక్స్ వేసి, మళ్లీ పాటల్ని వాటి చోట పెట్టి, డిస్కు ఖాళీ చేసి బడికి ఇచ్చేసింది. వెళ్లబోయే ముందు తండ్రిని కూర్చోబెట్టింది.

"నాన్నా, ధ్యాన్ సే విను. నీకేం కావాలన్నా ఇదిగో, ఈ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే వెతుక్కో. ఇందులో ఉన్నవి వాళ్లు చూసి, పరీక్షించి పెట్టినవి. బయటవి వద్దు. ఎవరిచ్చినా వద్దు."

"బయటవి నాకెందుకే?"

"నల్లటి కిటికీ తెరిచి ఇది టైప్ చెయ్యి, అది టైప్ చెయ్యి అని ఎవరైనా చెప్తే చెయ్యకు. ముందు నాకు ఫోన్ చెయ్యి. పాస్‌వర్డ్ అడిగిందంటే ఇంటి తాళాలన్నీ అడిగినట్టే. ఒకసారి ఇచ్చీసేవంటే, అది ఏం చేసినా మెషిన్ అడ్డు చెప్పదు."

"సరేనమ్మా, నేనేటి చంటిపిల్లాడినా?" అన్నాడు. పాస్‌వర్డుగా మేరి పేరు పెట్టుకున్నాడు.

సంవత్సరం తిరిగి వస్తోంది. ఆ రోజు జ్ఞాపకార్థ కూడికలో మేరి పాటలు మేరి గొంతుతోనే వినిపించాలని ఆయన కోరిక. పాటల నిండా ఫ్యాను హోరు, సముద్రపు గాలి. మేనేజర్‌లో వెతికి శబ్దాలు సరిచేసే ప్రోగ్రాం ఒకటి వేసుకున్నాడు కూడా. అది తిన్నగానే వచ్చింది, తిన్నగానే తెరుచుకుంది. దాని నిండా మీటలూ గీతలూ. ఎక్కడ ఏది నొక్కినా హోరుతోపాటు మేరి గొంతూ సన్నబడిపోయేది. ఆదివారం చర్చి బయట ఈ బాధంతా దానయ్య దగ్గర వెళ్లబోసుకున్నాడు.

దానయ్య చర్చిలో ఢోలక్ వాయిస్తాడు. మేరి పాడిన ప్రతి పాటకూ దరువు ఆయనదే. ఆ తర్వాత ఆయన కంటి ఆపరేషన్‌కి విశాఖ వెళ్లి, కళ్లకు నల్లద్దాలతో ఓడ దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా సురేష్ బాబు గుమ్మం ఎక్కాడు.

"భయ్యా, నీ పని పట్టుకొచ్చాను. మా మేనల్లుడు తయారుచేశాడు. వాడిది కూడా ఈ లినక్సే. ఒక్క నొక్కుతో చప్పుడంతా పోతాదంట" అంటూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. తడుస్తుందేమోనని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ప్రయాణమంతా చొక్కా లోపలి జేబులోనే పెట్టుకున్నాడట.

అలా తెచ్చినవాణ్ని పట్టుకుని, ఇదెక్కడిది, ఎవరు పరీక్షించారు అని ఎలా అడుగుతాడు? రేవులో అయితే అడిగేవాడే.

మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చున్నాడు. ఏం చెయ్యాలో అందులో రాసి ఉంది. నల్లటి కిటికీ తెరిచి ఒక వాక్యం టైప్ చెయ్యమంది, చేశాడు. పాస్‌వర్డ్ అడిగింది. అప్పుడు కూతురి మాట గుర్తు రాలేదని కాదు, వచ్చింది. పాపం దానయ్య ఎంత ప్రేమగా తెచ్చాడో అది కూడా గుర్తొచ్చింది. మేరి పేరు కొట్టాడు.

తెర మీద వాక్యాలు గబగబా పరుగెత్తాయి. ఆయన మురిసిపోతూ చూశాడు. కాసేపటికి బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆపి మళ్లీ వేస్తే ఇంగ్లీషులో ఏదో తప్పు చూపించి బిగుసుకుపోయింది.

అప్పుడైనా లవీనాకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. కూతురి దగ్గర మొహం చెల్లలేదు. లినక్స్ వేయడానికి ఆ పిల్ల తెచ్చిన పెన్‌డ్రైవ్ బీరువాలో ఉంటే తీసి, ఆ రోజు ఆమె చేసినట్టే తానూ మళ్లీ వేశాడు. మెషిన్ బాగైతే పాటలూ వాటంతట అవే వచ్చేస్తాయనుకున్నాడు. మెషిన్ నిక్షేపంగా లేచింది. కొత్త ఇల్లులా ఖాళీగా లేచింది.

అప్పుడు చేశాడు ఫోన్. లవీనా బస్సు దిగి పరుగున వచ్చింది. దానయ్య పెన్‌డ్రైవ్‌లో ఉన్నది తెరిచి వరసగా చదివింది. మోసమేమీ లేదు. పాత ఫైళ్లు తీసెయ్యమని రాసిన కుర్రాడు, ఏ ఫోల్డర్లోవో చెప్పాల్సిన చోట ఖాళీ వదిలేశాడు. చోటు చెప్పలేదు కాబట్టి మెషిన్ ఉన్నదంతా తీసేసింది. తాళాలన్నీ ఇచ్చారు కదా, అడ్డు చెప్పలేదు.

షాదీపూర్‌లో రిపేరు షాపు వీరేంద్ర దగ్గరికి తీసుకెళ్లారు. అతను చాలాసేపు ప్రయత్నించి, తల అడ్డంగా ఊపాడు.

"వెంటనే తెచ్చుంటే కుఛ్ తో మిల్తా అంకుల్, కొంతైనా దొరికేది. మీరు దాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టేశారు."

దారిలో లవీనా తిట్టి ఉంటే బాగుండును అనుకున్నాడాయన. ఆ పిల్ల బస్సు కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. ఆయన పక్కనే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకూ ఏడుపొచ్చింది గాని, ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

"దానయ్యకి చెప్పకే. పాపం, ఆ కళ్లతో తెచ్చాడు" అన్నాడు చివరికి.

కూడిక రోజున హాడోలో సురేష్ బాబు క్వార్టర్ నిండిపోయింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. దానయ్య ముందు వరసలో ఢోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"పెట్టు భయ్యా, ఇప్పుడు హోరు లేకుండా విందాం."

"స్పీకర్ పాడైపోయింది దానయ్యా. మనమే పాడీద్దాం" అన్నాడు సురేష్ బాబు, ఎవరి కళ్లలోకీ చూడకుండా.

లవీనా లేచి తల్లి పాట ఎత్తుకుంది. పల్లవి అందరికీ వచ్చు. మొదటి చరణం కూడా గదంతా కలిసి పాడింది. దానయ్య దరువు జోరందుకుంది. రెండో చరణం దగ్గర లవీనా నోరు తెరిచి ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో ఒక మాట అందించారు, అది వేరే పాటలోది. లవీనా తండ్రి వైపు చూసింది. ఆ పాట రికార్డు చేసిన రోజున మేరి ఎదురుగా ఉన్న మనిషి ఆయనొక్కడే.

ఆయన తడుముకున్నాడు. ఫోన్ తెర మీద ఎర్ర చుక్క గుర్తొచ్చింది. కదులుతున్న అంకెలు గుర్తొచ్చాయి. గాలి తగలకుండా అరచెయ్యి అడ్డుపెట్టడం గుర్తొచ్చింది. పాట మాత్రం, తర్వాత తీరిగ్గా విందామని, ఆయన ఒక్కసారీ మాటల మీద మనసు పెట్టి వినలేదు.

మాటల కోసం చూస్తూ దానయ్య ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.