పడవకు వేసిన నూలుముడి

మా అన్న పడవ కొన్నాడని తెలిసిన రోజు నేను నవ్వలేదు, తిట్టాను. మాది మగ్గాల కొంప. ఊళ్ళో సాంచాలనే కరెంటు మగ్గాలు నడిపాం, సూరత్ వచ్చి ఇక్కడా సాంచాలే నడిపాం. చెరువులో మోకాలి లోతు దాటి దిగినవాడు మా ఇంట్లో ఒక్కడూ లేడు. అట్లాంటిది, కరోనా మొదటి ఏడాది మగ్గాల షెడ్లన్నీ మూతపడి, మా లింబాయత్ గల్లీలో సగం మంది మూటాముల్లె సర్దుకుని ఊరిబాట పడితే, ఈయన మాత్రం సముద్రం ఒడ్డున డుమస్ వైపు పోయి ఒక పాత పడవ బేరమాడి వచ్చాడు.

“దిమాక్ గిట్ల ఖరాబైందా అన్నా? నీకు ఈతన్న వస్తదా?”

“మోకాలంత నీళ్ళల్ల ఉరికే పడవరా అది. పడితే లేచి నిలబడుడే” అన్నాడు.

అది అంత చిన్న పడవే. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఆలోచించాలి. ఫైబర్‌ది, అడుగు చదునుగా ఉండేది, వెనక ఒక మెషీన్. అమ్మిన ముసలి బెస్తాయన్ని మేమందరం కాకా అనేవాళ్ళం. ఆదివారాలు అన్న చేపలు కొనేది ఆయన దగ్గరే. అక్కడి పాయల్లో నీళ్ళు ఎంత తొందరగా వస్తాయో అంతకంటే తొందరగా వెనక్కి పోతాయట. చూస్తుండగానే పడవ కింద బురద తేలుతుందట. అందుకే అక్కడ పడవ బరువుండకూడదు, ఉరుకుడు ఉండాలి అని కాకా చెప్పేవాడు. ఈ పాత పడవకి రంగు లేకపోయినా ఉరుకుడు మాత్రం ఉండేది. మెషీన్ అందుకుందంటే ముందుభాగం పైకి లేచేది, నేను రెండు చేతులా అంచు పట్టుకునేవాణ్ణి. అన్న మాత్రం నవ్వుతూ కూర్చునేవాడు.

ఎందుకు కొన్నాడో ఒకరోజు తనే చెప్పాడు. ఏళ్ళ తరబడి సాంచాల చప్పుడులో బతికిన చెవులు మావి. షెడ్లు మూతపడ్డాక గల్లీ అంతా చప్పుడు లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దంలో అన్న చెవుల్లో సాంచా దానంతటదే ఆడేదట. “బయట చప్పుడు ఉంటే లోపలిది బందైతదిరా” అన్నాడు. మెషీన్ నడుస్తున్నంతసేపు ఆయన చెవులకి సుఖం. రొయ్యలు పడ్డాయా, చేపలు పడ్డాయా అన్నది ఆ తర్వాతి మాట. నిజం చెప్పాలంటే పెద్దగా పడేవీ కావు.

కాకాకి మా అన్న మీద ఒకటే ఫిర్యాదు. ఒడ్డున పాతిన గుంజకి ఒక తాడు ముక్క, పడవకి ఒక తాడు ఉండేవి. ఆ రెండు కొసల్నీ కలిపి కట్టాలి. కాకా బొద్దుగా, మొద్దుగా ఏదో ముడి వేసేవాడు. అన్నకి వచ్చింది ఒకటే ముడి, తెగిన పోగుని అతికే నూలుముడి. కంటికి ఆనకుండా, మగ్గం మీది దువ్వెన లాంటి పన్నె పళ్ళలోంచి జారిపోయేంత సన్నగా వేస్తాం దాన్ని. మా అన్నది ఎడమచేతి వాటం కాబట్టి ఆయన ముడి మా అందరి ముడికి తిరగేసి ఉంటుంది. లావుపాటి తాడుకి అదే వేసి, పోగుని నొక్కినట్టు బొటనవేలి గోరుతో నొక్కేవాడు. కాకా నెత్తి కొట్టుకునేవాడు. “యే ధాగే కీ గాంఠ్ హై భాయ్, రస్సీ కీ నహీ.” ఇది దారం ముడి, తాడు ముడి కాదు అని. లాగి పట్టినంతసేపే నిలుస్తుందనీ, తాడు వదులైతే దానంతటదే విడిపోతుందనీ ఆయన గోల. మగ్గం మీద పోగు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, మాకేం తెలుసు? అన్న ఇంటికి వెళ్ళిపోయాక కాకా వచ్చి మళ్ళీ తన ముడి వేసుకునేవాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో అన్న కరోనాతో పోయాడు. దవాఖానాలో చేర్పించినప్పుడు గేటు దగ్గర చెయ్యి ఊపాడు, అంతే. తర్వాత వాళ్ళే ఫోన్ చేశారు. శ్మశానం దగ్గర శవాల మూటలు వరసగా ఉన్నాయి. పేరు పిలిస్తే చెయ్యెత్తాను. ముఖం చూపించమంటే కుదరదన్నారు. కుండలో ఇచ్చిన బూడిద తెచ్చి తాపీ నదిలో కలిపాను. వదినని అప్పుడు రానివ్వలేదు.

ఇంటికి వస్తే వదిన ఏడవలేదు. “ముఖం సూసినవా నువ్వు?” అని ఒక్కటే అడిగింది.

“లేదు వదినా. మూట విప్పలేదు వాళ్ళు.”

“మరి ఎవల్ని కాలవెట్టినవ్?”

వదిన పదోదినం చెయ్యనివ్వలేదు. పుస్తె తియ్యలేదు, గాజులు తియ్యలేదు. కులపెద్దలు వచ్చి కూర్చుంటే చాయ్ పోసి పంపించింది. ఎవరి బూడిదకో తను దినాలు చెయ్యదట. పొద్దున లేచి అన్నకి కూడా అన్నం వండేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ వంట ఆ రాత్రి నేను తినేవాణ్ణి. పారేస్తే ఆమె చూస్తుంది. అలా ఎన్నాళ్ళని? ఆమె మనసు ఎటు ఒరిగిపోతుందో అని నాకు దడగా ఉండేది.

పడవని వదిలించుకోవాలనుకున్నాను. కాకా వెనక్కి తీసుకుంటానన్నాడు. వదిన ఒప్పుకోలేదు. సరే, వానాకాలం వేట ఎట్లాగూ బందే అని, ఆదివారం పూట పోయి చూసి వచ్చేవాణ్ణి. కాకా నేర్పిన మొద్దు ముడి వేసి వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం పోయి చూస్తే కళ్ళు నమ్మలేదు. నేను వేసిన ముడి లేదు. రెండు కొసలూ నూలుముడితో కలిసి ఉన్నాయి. సన్నగా, తిరగేసి. గోరుతో నొక్కిన గుర్తు తడి తాడు మీద కనిపిస్తూనే ఉంది. పట్టపగలు, చుట్టూ కొంగలు తప్ప మనుషులు లేరు. దాన్ని విప్పి మళ్ళీ కాకా ముడి వేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. తర్వాతి ఆదివారం మళ్ళీ అన్న ముడే. ఆ పై వారం కూడా అంతే. కాకాని అడిగితే తను ముట్టలేదని ఒట్టు వేశాడు. ఎవరితోనూ అనలేకపోయాను. దయ్యాలంటే ఎగతాళి చేసేవాణ్ణి నేను. ఆ రోజుల్లో మాత్రం సాంచా ముందు నిలబడితే వెనక అన్న నిలుచున్నట్టే ఉండేది. మెడ తిప్పాలంటే భయం, తిప్పితే ఎవరూ లేకపోవడం ఇంకా భయం.

చివరికి ఒకరోజు పనికి నాగా పెట్టి పొద్దున్నే పోయాను. నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. పడవ బురద మీద కూర్చుని ఉంది. అందులో వదిన కూర్చుని ఉంది. నూలు కండెలు చుట్టే పనికి పోతున్నానని రోజూ ఇంట్లో చెప్పి, షేర్ ఆటోలెక్కి ఇక్కడికి వస్తోంది. చీర అంచు నిండా బురద. నన్ను చూసి బెదరలేదు.

“ఆ ముడి నువ్వేనా వదినా?”

“మీ అన్ననే నేర్పిండు. పెండ్లైన కొత్తల, నా చీర దారాలు గుంజి నేర్పిండు. ఆయన చెయ్యి సూసే నేర్సుకున్న.”

కుడిచేతి మనిషికి ఎడమచేతి ముడి ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. భయం పోయి కోపం వచ్చింది. నా ప్రాణం తోడేశావు కదా అని అరిచాను. ఆ ముడి నిలవదు, పడవ కొట్టుకుపోతుంది, కాకా ఎన్నిసార్లు చెప్పలేదు అన్నాను.

“నువ్వు ఏసిన ముడి సూత్తే పరాయోళ్ళ పడవ అనుకొని ఎనకకు మర్లిపోతడు” అంది. “ఆయన అచ్చేదాక గిట్లనే ఉండనియ్యి.”

ఎంత మామూలుగా అందంటే, నేను కూడా ఒక్క క్షణం పాయ వైపు చూశాను. ఆ తర్వాత నేను ముడి జోలికి పోలేదు, వదినే రోజూ పోయి దాన్ని బిగించి వచ్చేది.

నూలు పున్నమి వచ్చింది. మావాళ్ళు కొత్త జంధ్యాలు వేసుకుని, మణికట్టుకి నూలుపోగు కట్టుకునే పండుగ. చావు ఇంట్లో పండుగేమిటని గల్లీలో గుసగుసలాడారు. వదిన వినలేదు. అన్నకని కొత్త జంధ్యం తీసుకుని డుమస్ బయల్దేరింది. ఒంటరిగా పంపలేక నేనూ వెంట పోయాను. అక్కడి బెస్తలకి అదే రోజు కొబ్బరికాయల పండుగ. సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, మళ్ళీ వేటకి పొమ్మని పడవల్ని పంపుకుంటారు. ఒడ్డంతా డోలు చప్పుడుగా ఉంది.

పున్నమి పోటు కదా, నీళ్ళు గుంజ నడుము దాకా వచ్చాయి. వదిన నీళ్ళలోకి దిగి జంధ్యాన్ని పడవ మెషీన్‌కి చుట్టి వచ్చింది. ముగ్గురం, కాకా, నేను, ఆమె, గట్టు మీద నిలబడ్డాం. మధ్యాహ్నం దాటాక పోటు ఆగింది. కాసేపు నీళ్ళు ఎటూ కదల్లేదు. తాడు వదులై నీళ్ళలోకి వాలింది. తర్వాత నీళ్ళు తిరుగుముఖం పట్టాయి. పడవ మెల్లగా ముక్కు తిప్పింది. గుంజకున్న తాడు ముక్క అక్కడే ఉంది. ముడి విడిపోయి, పడవ తాడు పడవ వెంటే పోతోంది.

“పకడో! పకడో!” అని కాకా అరిచాడు. తన పెద్ద పడవ వేసుకుని పోతే పట్టుకోవచ్చు, ఇంకా దూరం పోలేదు అన్నాడు. నేను చెప్పులు విడిచాను.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. పడవ మీంచి చూపు తిప్పలేదు.

“అద్దు. జర ఆగు. సూడనియ్యి.”

పడవ మెషీన్ లేకుండానే ఉరికింది. అంత ఉరుకుడు అన్న ఉన్నప్పుడు కూడా చూడలేదు. పాయ మలుపు దగ్గర ఒకసారి పక్కకి ఒరిగి, నిలదొక్కుకుని, తెల్లటి నీళ్ళలోకి పోయింది. కంటికి ఆనినంతసేపు వదిన చూస్తూనే ఉంది. డోలు మోగుతూనే ఉంది.

“ముఖం సూడలే” అంది. “గని పోంగ సూసిన.”

కాకాకి తెలుగు రాదు. అయినా ఏం అర్థమైందో, కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒక ముక్క కొరికి, నమలలేక, అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. గుంజుకుంటూ, నోరు తెరిచి ఏడ్చింది. అన్న పోయిన తర్వాత అదే మొదటిసారి. ఇంతకాలం మోసిన భయం దిగిపోయి, నేను కూడా పక్కన కూర్చుని ఏడ్చాను.

తిరుగు ఆటోలో డుమస్ పొలిమేర దాటాక చేతి గాజులు ఒకసారి తడుముకుంది.

“రేపు పెద్దమనుషులను రమ్మను” అంది. “ఇయ్యాల్టి సంది లెక్కవెట్టుమను దినాలు.”