నూకాలత్త మరిచిపోయిన గంట

మా వీధి చివర బడిగంట మోగినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతుంది. అది కంచు గంట. కొట్టడం ఆపాక కూడా దాని మోత గాలిలో సన్నగా కాసేపు మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన మోతలో నాకు నూకాలత్త గుర్తొస్తుంది.

అత్త మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. అనంతగిరి కొండకింద మా ఊళ్లో బెల్లం వ్యాపారం చేసేది. భర్త పోయాక బండి కట్టించుకుని ఒక్కతే సంతలు తిరిగేది. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. ఆడది అలా తిరిగితే ఊరు ఊరుకునేది కాదు. ఆ మాటలను ఆమె వక్కపలుకుల్లా నమిలి ఉమ్మేసేది. ఎక్కడ వేలంపాట జరిగినా ఆ రోజుకు వ్యాపారం మాని వెళ్లేది. చాలాసార్లు ఏమీ కొనకుండానే తిరిగొచ్చేది. "పాట సూడ్డానికి డబ్బులెందుకే గుంటా, కళ్లుంటే సాలు" అనేది.

ఒక ఆదివారం, చిన్నపిల్లనైన నన్నూ వెంట తీసుకెళ్లింది. కొండమీద కాఫీతోట దొర సీమకు వెళ్లిపోతూ బంగళా సామానంతా పాటకు పెట్టించాడు. ఈసారి మాత్రం అత్త కొంగున డబ్బు ముడివేసుకుంది. దొర వరండాలో ఊగే కుర్చీ ఉందనీ, తన నడుంనొప్పికి అదే మందనీ ఎప్పటినుంచో చెబుతూ ఉండేది.

మేం చేరేసరికి పింగాణీ కంచాలు, దీపాలు, పాత బూట్లు గడ్డిమీద పరిచి ఉన్నాయి. అత్త తిన్నగా వెళ్లి కుర్చీలో కూర్చుని ఊగడం మొదలుపెట్టింది. తెచ్చుకున్న చోడి రొట్టెలు, అదే రాగి రొట్టెలు కూడా అందులోనే కూర్చుని తింది. పాట పాడిస్తున్న తోట గుమాస్తా, "లెగు నూకాలమ్మా, జనం కుర్చీని సూడాలి కదా" అన్నాడు.

"సూడమను. కూకుంటే ఎలాగుంటాదో కూడా సూపిత్తన్నాను" అంది అత్త. అందరూ నవ్వారు.

తర్వాత గుమాస్తా ఒక కంచు గంట పైకెత్తాడు. కంచె దగ్గర నిలబడ్డ కొండవాళ్లు కొంచెం ముందుకు జరిగారు. అది వాళ్ల అమ్మోరి గంట. దొర ముచ్చటపడి తెచ్చేసుకుని, కూలీలను పిలవడానికి వరండాలో కట్టించుకున్నాడట.

"మీదేనంటన్నారు కదా, పాడండర్రా!" అన్నాడు గుమాస్తా.

వాళ్లలో ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మోరి గంటకి మేం ధర కట్టకూడదు బాబూ. కడితే ఆ యమ్మ మాతో రాదు."

కంచు సామాన్ల వ్యాపారి ఒకడు పాడాడు. కరిగించి చెంబులు పోయిస్తానని పక్కవాడితో చెబుతున్నాడు. ముసలాయన తల దించుకున్నాడు. గుమాస్తా "రెండోసారి" అనేలోపు అత్త కుర్చీలోంచే పాడింది. వ్యాపారి పెంచాడు. అత్త ఊగడం ఆపి ఇంకా పెంచింది. చివరికి కొంగుముడి మొత్తం విప్పి ఇచ్చేసి కుర్చీలోంచి లేచింది. "ఇంక ఎవులైనా కూకోండి" అంది.

"వాళ్లకి దానం సేసీ అత్తా, పున్నెమొస్తాది" అన్నారెవరో వెనకనుంచి.

"అమ్మోరికి దానం సేసేటంత దాన్నేటిరా నేను?" అంటూ గంట పట్టుకుని బండెక్కింది.

కొండవాళ్లు దూరంగా మా వెనకే నడిచారు. ఏమీ అడగలేదు. వాళ్ల ఊరి దారి చీలేచోట ఒక ఊట ఉంది. అత్త అక్కడ బండి ఆపించి నీళ్లు తాగింది. గంటను కొంగుతో తుడిచి, ఊట పక్క రాతిమీద పెట్టింది. తిరిగొచ్చి బండెక్కి, "బేగి పోనీరా" అంది.

"అత్తా, గంట మరిసిపోనావు!" అని అరిచాను.

తొడపాశం పెట్టింది. "నోరుముయ్యే గుంటా. ఎనక్కి సూడకు."

మలుపు తిరిగాక పైనుంచి గంట ఒక్కసారి మోగింది. అత్త కళ్లు మూసుకుని, బండి కుదుపులకు ఆ కుర్చీలో ఊగినట్టే ఊగుతోంది.

ధర కట్టకుండా, దానం అనిపించుకోకుండా ఇవ్వడానికి కూడా ఒక దారి ఉంటుందని నాకు చూపించింది ఆమే. "అమ్మా, గంట మరిచావు" అని ఆ కొండవాళ్లు వెనక్కి పిలవలేదు. వాళ్ల పెద్దరికం నాకు చాలా ఏళ్లకు గాని తెలిసిరాలేదు. చిన్నప్పుడు చదువుకోని నేను, ఈ వయసులో ఒకరి ముందు కూర్చుని అక్షరాలు దిద్దడమేమిటని బిగుసుకుపోయిన రోజుల్లో, మా మనవరాలు బడినుంచి వచ్చి, ఓనమాలు రాసిన పలకను నా మంచంమీద మరిచిపోయి ఆటకు పోయేది. మర్నాడూ మరిచిపోయేది. నేను పిలవలేదు. తలుపు దగ్గరగా వేసి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుకున్నాను.