రెండు మిషన్లు, ఒక వేలు

మా అక్కది కుప్పం, నాది పుంగనూరు. నాకు షుగరు. ఇన్సులిన్ సూది వేసుకోకుండా నోట్లోకి ముద్ద పోకూడదు. పోయిన ఎండాకాలం మదనపల్లె ఆసుపత్రిలో నర్సమ్మ ఒక కొత్త మిషను ఇచ్చి, ఇంటికాడ పెట్టుకుని సూడమనింది. వేలికి క్లిప్పు మాదిరి తగిలిస్తే సాలు, గుచ్చే పని లేదు, అంకె వచ్చేస్తాది. అది సరిగ్గా సెబుతాందో లేదో తేల్చేదానికే మా మాదిరోళ్లకు ఇస్తాండారు. అందుకే ఎమ్మటే పాత మిషనుతో గుచ్చి కూడా సూసి, రెండంకెలూ ఫోన్లో పంపాల. సూది మందు మాత్రం పాతదాన్ని బట్టే. మందు ఎక్కువైతే ప్రాణానికే మోసమని నాకు వేరే సెప్పాల్నా? ఒకసారి అట్లే షుగరు మరీ తగ్గి బస్సులో పడిపోయినదాన్ని.

ఆ మిషను ఎత్తుకునే అక్క ఇంటికి పోయినాను. ఆ పొద్దు ఓళిగలు, అదే బొబ్బట్లు, అద్దుకునేదానికి మామిడి రసం. నాకెట్లా తినే యోగం లేదని పండ్లు పిసికే పని నాకు పెట్టింది మా అక్క. నేనైతే గిన్నెలో రసం గిన్నెలోనే ఉంటాదంట, ఎకసెక్కం. ఒళ్లు మండింది గానీ గంపెడు పండ్లూ పిసికి, సేతులు గుడ్డకు తుడుసుకుని కూసున్నాను.

క్లిప్పు నూటపది అనింది. గుచ్చి సూస్తే మూడొందలు దాటింది. నాకేం దిక్కు తెలీలేదు. అక్క మొగమే మారిపోయింది.

"తిన్నావు కదమ్మే. నెత్తురు అబద్ధం సెబుతాదా?"

టెంక కూడా నాకలేదని ఒట్టేసినాను. ఒట్టేస్తాండగానే నాకే అనుమానం. పిసికేటప్పుడు వేలు గానీ నోట్లో పెట్టుకున్నానా? ఒంటిని అడుగుదామంటే, షుగరు ఎక్కువైనా నీరసమే, తక్కువైనా నీరసమే. తిన్నానేమోలే అనేసినాను. అంత అంకెకు ఎంత వేసుకోవాలో డాక్టరు ముందే సెప్పిండాడు. సూదిలో ఆ గీత దాకా మందు లాగినాను.

ముందు సేతులు కడుక్కోమని, ఈగలు మూగుతాండాయని అక్క కసిరింది. సబ్బేసి కడుక్కొచ్చి, ఉక్రోషం కొద్దీ ఆమె ఎదురుగానే ఇంకో వేలు గుచ్చినాను.

నూటనాలుగు.

మందు లాగి పెట్టిన సూదిని అక్కే నా ముందర్నుంచి తీసి పక్కన పెట్టింది. ఫోన్ సేస్తే, వేలికి అంటిన పండు తీపిని కూడా పాత మిషను లెక్కేసిందని నర్సమ్మ సెప్పింది. సరే, ఇంక క్లిప్పునే నమ్ముదామా అంటే, మర్నాడు పొద్దున అది రెండొందలు సూపించింది. కడుక్కున్న వేలు గుచ్చితే నూటపదే. సెయ్యి సల్లగా ఉన్నందుకంట. ఏది నమ్మాల్నో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ మర్నాడే అక్క కండ్లు తుడుసుకుంటా అడిగింది.

"తినంది తిన్నానని యాల ఒప్పుకుంటివి?"

"ఆ అంకె సూసినాక తిన్నట్టే అనిపించింది అక్కా."