సూదత్త డ్యూటీ మార్చుకుంది

ఆసుపత్రిలో పరీక్షలకు రక్తం తీసే ఆవిడను వార్డు పిల్లలు సూదమ్మ అనేవారు. ఇంట్లో ఉన్న ఆరేళ్ల పిల్ల మాత్రం సూదత్త అనేది. ఆ పిల్ల ఆమెకు పుట్టలేదు. సొంతవాళ్లు చూసుకోలేని పిల్లలను సంక్షేమశాఖ వాళ్లు కొన్నాళ్లపాటు ఆమె దగ్గర ఉంచేవారు. అందరికీ ఆమె అత్తే. అమ్మా అని పిలిపించుకోకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. వాళ్ల దగ్గర రేపటి మాట ఎత్తకూడదన్నది ఇంకొకటి. రేపు ఎవరింట్లో ఉంటారో ఆమెకే తెలియదు మరి.

ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. బడి వదిలాక పిల్ల ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో కూర్చునేది. పిల్లను చూడడానికి వచ్చిన సంక్షేమశాఖ ఆఫీసరమ్మ మొహం చిట్లించింది.

"ఇలాగైతే కుదరదమ్మా. బడి వదిలే వేళకి మీరు లేకపోతే పిల్లకి వేరే ఇల్లు చూడాల్సొస్తుంది."

పొద్దుటి డ్యూటీ ఆవిడను అడగడం తప్ప దారి లేదు. ఏళ్లుగా ఒకే గదిలో పనిచేస్తున్నా వాళ్ల మాటలు గ్లవ్స్, దూది దాటలేదు. సూదత్త ఆవిడ ముందు నిలబడి నీళ్లు నమిలింది.

"ఏంటక్కా, దూది అయిపోయిందా?"

"కాదు... నీ డ్యూటీ నాకిస్తావా?"

"పొద్దున్నే లేచే బాధ తప్పుతుందంటే మా ఆయన్ని కూడా ఇచ్చేస్తా, తీసుకో!"

ఆ రాత్రి పిల్లకు జడ వేస్తూ సూదత్త నోరు జారింది. "రేపట్నుంచి బడి దగ్గరికి నేనే వస్తానే."

"నిజంగా? సూది తేకుండా?"

"తేకుండా."

కొద్దిరోజులే గడిచాయి. పిల్ల పిన్ని దొరికిందని ఆఫీసరమ్మ కబురు చేసింది. పిన్ని మంచిది. పిల్ల ముక్కు అచ్చం ఆవిడ ముక్కే. తప్పుపట్టడానికి సూదత్తకు ఏమీ కనిపించలేదు. వెతికింది కూడా.

గుమ్మం దగ్గర పిల్ల వెనక్కి తిరిగింది. "బడి దగ్గరికి వస్తానన్నావుగా?"

"ఇక పిన్ని వస్తుందమ్మా."

"నువ్వు వస్తానన్నావు."

పిల్ల ఏడవలేదు. అబద్ధం చెప్పిన మనిషిని చూసినట్టు చూసి, చెప్పులు తొడుక్కుంది.

మర్నాడు డ్యూటీ మారే వేళ, తన పొద్దుటి డ్యూటీ ఇచ్చిన ఆవిడ మెల్లగా అడిగింది. "మళ్లీ మార్చుకుందామా అక్కా?"

"ఇలాగే ఉండనీ. ఇంకో పిల్లని పంపాలంటే మళ్లీ ఇదే అడుగుతారు."

ఇదివరకు పిల్లలు వెళ్లిపోయినప్పుడల్లా మధ్యాహ్నం డ్యూటీ ఆమెను కాపాడేది. ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమై, పడుకుంటే నిద్రపట్టేసేది. ఈ ఇంట్లో సాయంత్రం ఇంత పొడుగని ఆమెకు తెలియదు. బయట పిల్లలు కేకలేసుకుంటూ ఇళ్లకు పోతున్నారు. ఆమె ఉతికిన బట్టలే మళ్లీ తడిపింది. అవి ఆరేశాక కూడా ఎండ ఇంకా ఉంది.