దద్దుర్లు ఎక్కడి నుంచి వచ్చాయి

మాది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే ఇల్లు. మా ఆయన పూత వేస్తారు, నేను రాళ్ళు పొదుగుతాను. అలాంటి ఇంట్లో నాకు ఒళ్ళంతా దద్దుర్లు మొదలయ్యాయి. సాయంత్రం అయ్యేసరికి చేతుల మీద, నడుం మీద ఎర్రగా పొంగేవి. గంటో రెండు గంటలో ఉండి, ఏమీ ఎరగనట్టు మాయమయ్యేవి.

చూసినవాళ్ళంతా నగలనే అనుమానించారు. మా ఆడపడుచు అయితే మొహం మీదే అనేసింది, చేసేవాళ్ళకే పడకపోతే కొనేవాళ్ళ సంగతేంటని. మా ఆయన ఆ మాట విని, లేచి వెళ్ళి పని చూసుకున్నారు. నాకు మాత్రం నిజమేంటో తేల్చుకోవాలనిపించింది. మెడలో గొలుసు తీసేశాను. గాజులు ఎడమ చేతికి మాత్రమే ఉంచి, కుడి చేతిని బోసిగా వదిలేశాను. పది రోజులు చూశాను. దద్దుర్లు రెండు చేతులకీ సమానంగానే వచ్చాయి. ఒకరోజు అరికాలిలోనూ వచ్చాయి. అరికాలికి నేనేం నగ పెట్టాను?

ఇక్కడే బందరులో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని గుడివాడలో చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చేతులు చూశారు, కనురెప్పలు కిందికి లాగి చూశారు. తర్వాత కడుపు గురించి అడగడం మొదలుపెట్టారు. ఆకలి ఎలా ఉంటుంది, ఉబ్బరం ఉందా, విరేచనం ఎలా అవుతుంది, ఇలా. నాకు చిరాకేసింది.

“చర్మం చూపించుకుందామని వచ్చానండీ,” అన్నాను.

“చూస్తున్నానమ్మా. కడుపులో ఏదన్నా పడనిది ఉంటే ఒళ్ళు దాంతో పోరాడుతుంది. ఆ పోరాటం ఒక్కోసారి చర్మం మీద కనిపిస్తుంది,” అన్నారాయన.

అప్పుడు చెప్పాను. కొన్ని నెలలుగా పొట్ట బిగదీసినట్టు ఉంటోందనీ, గ్యాస్ బిళ్ళలు వేసుకుంటున్నాననీ, కూర్చున్న చోటే నీరసం వస్తోందనీ. బియ్యం ఏరుతూ పచ్చిబియ్యం నోట్లో వేసుకుంటున్నానని కూడా చెప్పాను. ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆయన రక్తం పరీక్ష, మలం పరీక్ష రాశారు.

మర్నాడు ల్యాబ్‌వాళ్ళు ఇచ్చిన చిన్న డబ్బాని రెండు కవర్లలో చుట్టి, సంచిలో పెట్టుకుని గుడివాడ బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆవిడ సంచి కింద పెట్టుకోండి, చోటు ఉంది కదా అంది. పర్లేదండీ అని ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ల్యాబ్‌లో పరీక్ష చేసిన అమ్మాయి మలంలో కొంకిపురుగు గుడ్లు ఉన్నాయంది, హుక్‌వార్మ్ అంటారట. సిగ్గుతో తల వంచుకోవాల్సిన సమయం అది. కానీ నాకు చూడాలనిపించింది. అడిగితే నవ్వి, పక్కకి జరిగింది. మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి చూశాను. కోలగా, పల్చటి గాజులాంటి పెంకు, మధ్యలో నాలుగైదు ముద్దలు. అంత నాజూకైనది నా కడుపులోంచి వచ్చిందంటే నమ్మకం కుదరలేదు.

ఎలా వచ్చాయని డాక్టరు గారిని అడిగాను. చెప్పుల్లేకుండా తడి నేల మీద తిరుగుతారా అన్నారు. మా పెరట్లో తోటకూర మడి ఉంది, దాని వెనకే మురుగుకాలవ. వానలకి ఆ నీళ్ళు మడిలోకి వచ్చేస్తాయి. నేను రోజూ ఒట్టి కాళ్ళతో దిగేదాన్ని. ఆ పురుగు పిల్లలు పాదం చర్మంలోంచే లోపలికి దూరి, చివరికి పేగు చేరతాయట. చర్మంలోంచి కడుపులోకి వెళ్ళినవి, కడుపులోంచి మళ్ళీ చర్మం మీదికి కబురు పంపాయన్నమాట. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ దాని గురించే ఆలోచించాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన అంతా విని, చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతికి పైన ఒక కడియం బిగించి ఉంది, మేం చేసిందే.

“ఎన్నాళ్ళ నుంచి పెట్టుకున్నారు?” అన్నాను.

“నీకు మొదలైన వారం నుంచి. నా పూతవల్లేనేమోనని,” అన్నారు.

ఆయనకి ఏ దద్దుర్లూ రాలేదు. అయినా అనుమానం పోక తియ్యలేదట. కడియం బిగుసుకుపోయి ఉంటే సబ్బునీళ్ళు రాసి తీశాను.

ఇంట్లో అందరం పురుగులు పోయే బిళ్ళలు వేసుకున్నాం. పురుగులు పీల్చేసి నాకు రక్తం తగ్గిందట, పచ్చిబియ్యం తినాలనిపించేదీ అందుకేనట; రక్తం పట్టడానికి ఐరన్ బిళ్ళలు కూడా ఇచ్చారు. దద్దుర్లు వెంటనే పోలేదు. రోజూ వచ్చేవి రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి అయ్యాయి. నెల దాటాక ఆగిపోయాయి. పచ్చిబియ్యం మీదికి మనసు పోవడం ఎప్పుడు ఆగిందో మాత్రం గమనించలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు, దద్దుర్లన్నీ కడుపు నుంచే వస్తాయా అని డాక్టరు గారిని అడిగాను. లేదమ్మా, చాలామందికి ఎందుకొస్తాయో మాకూ తెలీదు, మీకు తెలిసింది, అంతే అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది. ఇప్పుడు మడిలోకి రబ్బరు చెప్పులతో దిగుతున్నాను. బురదలో అవి ఊడిపోతూనే ఉంటాయి.